నారకొట్ల వీధిలో ఉమ్మడి దూలం

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులోకి తిరిగితే నారకొట్ల వీధి వస్తుంది. అక్కడ ఎండ నేలకి తిన్నగా దిగదు. మేడల మీది చెక్క వసారాల సందుల్లోంచి చీలికలు చీలికలుగా పడుతుంది, పైనుంచి ఎవరో కత్తులు జారవిడుస్తున్నట్టు. ఒకప్పుడు వీధి నిండా గోగునార తాళ్ల కొట్లే. ఇప్పుడు మిగిలిన తాళ్ల కొట్టు జగ్గమ్మది ఒక్కటే.

ఆ మాఘంలో ఒక ఉదయం ఆమె వచ్చేసరికి కొట్టు ముందు లారీడు రాళ్లు పోసి ఉన్నాయి. అరుగు కనపడలేదు. పలకల తలుపు సగం దాకా పూడిపోయింది. జగ్గమ్మ ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి ఒక రాయి తీసింది. వీధి మొగలో నరసింగరావు కారు నిలిపి ఉంది. రాయి ముందద్దంలోంచి వెళ్లి వెనక సీటులో కూర్చుంది. రెండో రాయికి తలుపు సొట్టపడింది. మూడోది ఎత్తేలోపు నరసింగరావు మనుషులు ఆమె జుట్టు పట్టుకున్నారు. వాళ్లలో ఒకడి చెయ్యి ఆమె పళ్లకి దొరికింది. వాడు చాలాసేపు అరిచాడు.

నరసింగరావు ఆ ఊళ్లో పాత మేడలు కొని, పడగొట్టి, అద్దాల కాంప్లెక్సులు కడతాడు. జగ్గమ్మ ఉన్న కట్టడంలో సగం అప్పటికే అతని చేతికి వచ్చింది. రెండో సగం కావాలి. అది జగ్గమ్మది.

కొట్టు కట్టినవాడు ఆమె భర్తకి తాత. ఇటుక, గానుగ సున్నం, టేకు. కింద కొట్టు, మీద మేడ, మేడ ముందు చెక్కిన కొయ్య చేతులు మోసే వసారా, పిట్టగోడ మీద సున్నంతో తీర్చిన రెండు చిలకలు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే దూలం. ఆ దూలం మీద వాసాలు, వాసాల మీద నిలువుటిటుకల మిద్దె. తర్వాత మనవలు జగన్నాధం, తిరుమలరావు విడిపోయారు. దూలం కింద సన్నటి అడ్డుగోడ లేచింది. అన్న వైపు ఒక చిలక, వీధి వరసకి కొసన ఉన్న తమ్ముడి వైపు ఒక చిలక. దూలాన్ని మాత్రం కొయ్యలేదు. అన్నదమ్ములు విడిపోయినా దూలం విడిపోకూడదని ఆ వీధి మాట. వడ్రంగిని పిలిచినా రంపం పట్టడు.

జగన్నాధం పెళ్లాం జగ్గమ్మది గజపతినగరం దగ్గర పల్లె. నాన్న వరి, గోగు పండించేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు మేడమెట్ల మీద కొట్టేవాడు. మెట్లమీదే ఎందుకంటే అక్కడ పారిపోవడానికి చోటుండదు. ఆమె కింద పడ్డ ప్రతిసారీ చెక్క మెట్టు తిరిగి కేకేసేది. చుట్టుపక్కల కొట్లవాళ్లకి ఆ కేక తెలుసు, దాని వెనక మనిషి కేక కూడా తెలుసు. ఎవరూ రాలేదు. ఒక సాయంత్రం కొట్టు మూసే వేళ అతను చెయ్యెత్తాడు. ఆమె చేతిలో తలుపు పలక ఉంది. ఒక్కొక్కటే గాడిలోకి దోపే నిలువెత్తు టేకు పలక అది. జగన్నాధం మోకాలు ఆ రోజు విరిగి, తర్వాత వంకరగా అతుక్కుంది. బతికినంత కాలం అతను ఆ కాలు ఈడ్చుకుంటూనే తిరిగాడు, ఆమెకి ఎదురు తిరగలేదు. జ్వరమొచ్చి పోయేముందు రెండేళ్లు ఆమే అతనికి అన్నం తినిపించింది. ప్రేమా అని అడిగితే ఆమె నవ్వేది. అలవాటు అనేది.

అందుకే ఆ కొట్టంటే ఆమెకి దేవళం కాదు, పుట్టిల్లు కాదు. తన్నులు తిన్న చోటు, తిరిగి తన్నిన చోటు. ఒంటి మీది మచ్చలాగ తనది.

మరిది తిరుమలరావుకి భోగాపురంలో విమానాశ్రయం పక్కన లాడ్జి పెట్టాలని కోరిక. తన సగం అమ్మి వచ్చి, వొదినా నువ్వూ ఇచ్చేయి, అద్దాల కొట్టొకటి నీకూ ఇస్తారు అన్నాడు. జగ్గమ్మ అతని చెంప మీద కొట్టింది. అతను చెంప పట్టుకుని, రాతిగోడకి సెప్పినా ఇంటాది గాని నీకు సెప్పలేం అని వెళ్లిపోయాడు. రాళ్లు వచ్చింది ఆ తర్వాతే. రాళ్ల తర్వాత కరెంటు తీగ తెగింది. ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తింటుండగా కిరసనాయిలు గుడ్డ మండుతూ వచ్చి గోగునార కట్టల మధ్య పడింది. నార మంట మెల్లగా పుట్టదు, ఒక్కసారే లేస్తుంది, పడగ విప్పినట్టు. తడిపిన గోనెలతో, అవి చాలక అరచేతులతో ఆమె దాన్ని చంపింది. అరచేతుల తోలు గోనెకి అంటుకుని వచ్చేసింది. పక్క కొట్టు కూర్మయ్య బకెట్లతో పరిగెత్తుకొచ్చాడు. చేటలు, బుట్టలు అమ్మేవాడు. అక్కా తమ్ముళ్లు కాకపోయినా అప్పా అని పిలిచేవాడు. ఆ రోజు నుంచి ఆమె చేతులు మానేదాకా రోజూ సాయంత్రం ఆమె కొట్టు పలకలు వరసగా దోపి మూసింది అతనే. పోలీసులు వచ్చి చూశారు. వంటపొయ్యి నిప్పేమో అని వెళ్లారు.

విశాఖపట్నం నుంచి విశాలి వచ్చింది అప్పుడే. పాత కట్టడాలు కొలిచి బొమ్మలు గీసే పని ఆమెది. టేపు పట్టుకుని అరుగెక్కగానే జగ్గమ్మ, నరసింగరావు మనిషనుకుని తోసేసింది. విశాలి రాళ్ల మీద పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, ఆ పిల్ల లేవకుండానే తలెత్తి లోపలి దూలాన్ని చూసింది. అంత పొడుగు చెట్టు ఎక్కడిది అని అడిగింది. జగ్గమ్మ లోపలికి వెళ్లి పసుపు తెచ్చి ఆ మోకాలికి అద్దింది.

విశాలి చెప్పిన సంగతి ఇది. వీధిలో ఈ వైపు వరస అంతా ఒకే ఒంటిగా కట్టింది. ఎవరి గోడా వాళ్లది కాదు. ఒకదాని భుజం మీద ఒకటి బరువు పెట్టి నిలబడ్డాయి. వారసత్వ కట్టడాలు చూసే కమిటీ వేసవిలో వస్తుంది. వరస మొత్తం చెక్కుచెదరకుండా కనబడితే రక్షిత జాబితాలోకి ఎక్కుతుంది, ఇక ఎవరూ ఇటుక కదపలేరు. వరసలో ఒక్కటి పోతే చాలు, చూడ్డానికేమీ లేదని వెనక్కి పోతారు.

జగ్గమ్మకి అర్థమైంది. అంతవరకూ ఆపాలి. నరసింగరావుకీ అర్థమైంది. అంతలోపు పడగొట్టాలి. అతను తన సగంలోకి పొక్లెయిన్ తీసుకురావడానికి ముహూర్తం చూసుకుంటుండగా వీధిలోకి అమ్మవారి ఘటం వచ్చింది.

ఏటేటా ఉగాది దాటాక వీధి అమ్మవారి ఘటం ఒక్కో కొట్లో దిగుతుంది. పసుపు రాసిన కుండ, వేపరెమ్మలు, పైన దీపం. ఆ ఏడు వంతు జగ్గమ్మ కొట్టుది. ఘటం దిగినప్పటి నుంచి అనుపు జరిగేదాకా, అంటే అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపేదాకా, ఆ వీధిలో రోకలి పడకూడదు, గునపం దిగకూడదు, పొయ్యి మీద తాలింపు చిటపటమనకూడదు. అమ్మవారు పోసిన మనిషి ఉంటే ఆ మనిషిని వీధి దాటించకూడదు. నరసింగరావు పుట్టింది కూడా ఆ దాపులనే. వాళ్లమ్మ ఘటం మోసిన మనిషి. పొక్లెయిన్ వీధి మొగలో ఆగిపోయింది. దాని ఇనుప చేతికి అతనే వేపకొమ్మ కట్టించాడు.

అనుపు మంగళవారం. కమిటీ అంతకు ముందు శుక్రవారమే రావలసింది, రెండు వారాలు వాయిదా పడింది. ఆ కబురు విశాలి ఫోన్లో చెప్పాక జగ్గమ్మ చాలాసేపు ఘటం ఎదట కూర్చుంది. దీపం ఆమె కళ్లలో రెండై వెలిగింది. మంగళవారం డప్పులవాళ్లు వచ్చేసరికి కొట్టు పలకలు లోపలినుంచి మూసి ఉన్నాయి. అమ్మోరు ఇంకా ఎల్లనంటంది అని లోపలినుంచి చెప్పింది.

మొదట వీధి నమ్మింది. తర్వాత నమ్మినట్టు నటించింది. తాలింపు లేని కూరలు తిన్న నోళ్లు మెల్లగా చేదెక్కాయి. ఎండ ముదిరింది. మేడల సున్నం వేడికి పెళుసై రాలుతోంది. అప్పుడు కూర్మయ్య కోడలు శ్రావణికి ఒళ్లంతా అమ్మవారి పొక్కులు లేచాయి. జ్వరం దిగలేదు. మూడో రోజుకి పొక్కు ఒకటి కంట్లో లేచింది. నొప్పికి ఆ పిల్ల అరుస్తుంటే ఉమ్మడి గోడ ఆ అరుపుని జగ్గమ్మ కొట్టులోకి దించేది. సున్నపు గోడ దేన్నీ దాచుకోదు.

కూర్మయ్య వచ్చి పలకల సందుకి నోరానించి మాట్లాడాడు.

"అప్పా. పిల్లకి కన్ను పోతాదంతన్నారు. ఆస్పత్రికి తీసికెల్లాల. అమ్మోర్ని పంపించీ."

"తీసికెల్లు. నానొద్దన్నానేటి?"

"అమ్మోరు ఈధిలో ఉండగా దాటిస్తే పిల్ల బతుకుతాదా? నీకు తెల్దా?"

జగ్గమ్మకి తెలుసు. ఆమె కూడా నమ్మే మనిషే.

"ఎల్లుండి కమిటీవోళ్లొస్తారు. అంతవరకూ ఓర్సుకో, కూర్మీ."

"నువ్వు మనిసివేనా, అప్పా?"

"నాను గోడని. నన్ను పీకితే నీ కొట్టేటవుతాదో సూసుకో."

అతను వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని వెనక వీధంతా ఉంది. తలుపు బద్దలుకొట్టే అవసరం లేకపోయింది. ఏ పలక వదులో కూర్మయ్య చేతులకి తెలుసు. దాన్ని గాడిలోంచి ఎత్తి లాగాడు. ఎండ ఒక్క వేటుగా లోపలికి పడింది. జగ్గమ్మ ఘటానికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో తాడు కోసే కొడవలి. ముందు వచ్చినవాడి ముంజేయి తెగింది. ఆ రక్తం పసుపు కుండ మీద చిందింది. అది చూసి ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. మగాళ్లు తగ్గలేదు. కూర్మయ్య చేతిలోని పలక గాలిలో ఒకసారి తిరిగి ఆమె కుడి భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు, ఎండుకొమ్మ విరిగిన చప్పుడు ఒకటే. ఆమె కింద పడ్డాక కూడా కొందరు కాళ్లతో తన్నారు. వాళ్ల అరికాళ్లకి అనుపు కోసం రాసుకున్న పసుపు ఉంది. ఆమె చీర మీద, బుగ్గ మీద పసుపు పాదాలు పడ్డాయి.

ఘటం బయటికి వెళ్లింది. డప్పులు మోగాయి. శ్రావణిని ఒక ఆటోలో, జగ్గమ్మని మరో ఆటోలో పెద్దాసుపత్రికి పంపారు. మిగిలిన వీధి వీధంతా అమ్మవారి వెంట పొలిమేరకి నడిచింది.

డప్పు శబ్దం సన్నగిల్లగానే పొక్లెయిన్ మీది వేపకొమ్మ తీసి పడేశారు.

తిరుమలరావు సగం నిలువునా కూలింది. ఇనుప గోరు మొదట పిట్టగోడని గీరింది. చిలక తల దొర్లుకుంటూ కాలవలో పడింది. వసారా కొయ్య చేతులు ఒక్కొక్కటే భుజం దగ్గర ఊడాయి. మిద్దె ఇటుకలు కుప్పగా దిగి, నూరేళ్ల సున్నం లేచి వీధినంతా తెల్లటి చీకటి చేసింది. దూలం మాత్రం ఊడలేదు. ఇటు జగ్గమ్మ గోడలో దాని రెండో చివర పట్టుకుని ఉంది. పొరుగూరి నుంచి తెచ్చిన కూలివాడొకడు నిచ్చెనెక్కి కరెంటు రంపం పెట్టాడు. రంపం దూలంలో సగం దిగాక కట్టడం మూలిగింది. అది మూలుగేనని విన్నవాళ్లంతా తర్వాత చెప్పారు. దూలం తెగి అటు కొస నేలని గుద్దింది. ఇటు కొస గోడలో వదులై కిందికి వంగింది. జగ్గమ్మ మేడ ఒక జానెడు కుంగింది. ఆమె గోడ ఉబ్బింది. ఆ బరువు పోయి కూర్మయ్య గోడని తోసింది. అతని కొట్లో నెత్తి మీంచి నేల దాకా బీట పాకింది. దాని అవతల కొట్లోనూ సున్నం రాలింది.

వీధి మనుషులు పొలిమేర నుంచి వేపరెమ్మలు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఇదీ కథ. కూర్మయ్య తన బీటలో చెయ్యి పెట్టాడు. చెయ్యి మణికట్టు దాకా దూరింది. అతను ఆ చెయ్యి బయటికి తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అరుస్తూ పొక్లెయిన్ మీదికి ఎగబాకాడు.

ఆ గొడవని ఒక్క గొడవ అనడానికి లేదు. డ్రైవరుని జుట్టు పట్టి దించారు. నరసింగరావు మనుషులు ఇనుప కడ్డీలతో వచ్చారు. పళ్లు రాలాయి, ఒకడి చెవి తెగి వేలాడింది, కూర్మయ్య వేళ్లు రెండు కడ్డీ కింద నలిగాయి. అటు కొట్టుకుంటుండగానే ఇటు మరికొందరు వెదురు గడలు, బండి కాడులు, చేటల మోపులు, చేతికి ఏది దొరికితే అది తెచ్చి జగ్గమ్మ దూలం కింద దోపారు. గడ చాలనిచోట భుజం పెట్టారు. పైనుంచి ఇటుకలు వీపుల మీద పడుతున్నా ఎవరూ కదల్లేదు. పలక తగిలి ఆమె పడ్డ చోటే నిలబడ్డారు. నేల మీది రక్తం మీద సున్నం కురుస్తూనే ఉంది. పోలీసు జీపు వచ్చేసరికి దూలం ఆగింది.

ఆసుపత్రిలో ఎస్సై జగ్గమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనక నరసింగరావు బత్తాయిల సంచీతో నిలబడ్డాడు. అతనికి కావలసింది ఒక్క పేరు. కూర్మయ్య కొట్టాడని ఆమె అంటే వీధంతా నిందితులవుతారు. కూల్చివేత చూశామని చెప్పడానికి బయట ఎవరూ మిగలరు. అమ్మవారి తగువులో పాతగోడ కూలిందని తేలిపోతుంది. ఈ మాట అతను అంత విడమరిచి చెప్పలేదు. ముసలిదానివి, నిన్నిలా కొట్టినవాళ్లని వదలొద్దు అన్నాడు. కాంప్లెక్సులో ముందు వరస కొట్టు నీదే అన్నాడు. విశాలి గుమ్మం దగ్గర నిలబడింది. అంతకుముందే ఆమె జగ్గమ్మ చెవిలో, ఎవరో తెలియదని చెప్పమ్మా అని వేడుకుంది.

జగ్గమ్మ ఎడమచేత్తో ఎస్సై చొక్కా గుండీ పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"కూర్మయ్య కొట్టినాడు. రాసుకో బాబూ. నాను అమ్మోర్ని దాసినాను, ఆడి కోడలి కన్ను మీదికి తెచ్చినాను, అందుకు కొట్టినాడు. ఒకడి చెయ్యి నానూ కోసినాను. అది మా ఈధి తగువు. దానికి నాను కేసెట్టను. ఆల్లూ ఎట్టరు. ఇల్లు కూల్సినోడు ఇడుగో, బత్తాయిలు పట్టుకున్నాడు. నా గోడలో దూలం కోయించినాడు. దానికి కేసు రాయి."

ఎస్సై మూడుసార్లు అడిగాడు. ఆమె మూడుసార్లూ అదే చెప్పింది. అబద్ధమాడి ఉంటే నరసింగరావు వకీలు దాన్ని పట్టుకుని మొత్తం చీల్చేసేవాడు. నిజంలో పట్టుకోవడానికి అతనికి ఏమీ దొరకలేదు. వీధివాళ్లు ఒక్కొక్కరే స్టేషన్‌కి వెళ్లి కూల్చివేత గురించి చూసింది చూసినట్టు చెప్పారు. ఆమెని తన్నినవాళ్లు కూడా, తన్నామని చెప్పి, తర్వాత మిగిలింది చెప్పారు.

కమిటీ వచ్చింది. రాళ్ల గుట్ట పక్కన ముక్కులకి రుమాళ్లు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన జగ్గమ్మ కొట్టు వంక చూసి, ఇది పోయింది, దీన్నొదిలి మిగతా వరస చూద్దాం అన్నాడు. దీన్నొదిలితే మిగతాది ఉండదని విశాలి అంది. మాటలతో తేలక ఆమె వాళ్లని కూర్మయ్య కొట్లోకి తీసుకెళ్లింది. బీట అవతలికి చూపించింది. బీట సందులోంచి జగ్గమ్మ గోడ, దాని వెనక ఆనించిన గడలు, గడలని పట్టి ఉన్న గోగునార తాళ్లు కనపడ్డాయి. అంతా అక్కడే ఆగి ఉంది. ఆ పెద్దమనిషి కాసేపు దాని కిందే నిలబడి, ఎందుకో తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, బయటికి వచ్చాడు.

వరస జాబితాలోకి ఎక్కింది, జగ్గమ్మ గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి. తిరుమలరావు సగం ఉన్న చోట ఖాళీ మిగిలింది. ఉబ్బిన గోడకి బయటినుంచి ఊతగోడ కట్టడానికి నరసింగరావు తన నేలలో ఒక పట్టె వదలాలని ఉత్తర్వు వచ్చింది. అతని మీద కేసు నడుస్తోంది. అతను వేరే వీధిలో వేరే మేడ కొన్నాడు. తిరుమలరావు ఒకసారి వచ్చి రాళ్ల మధ్య నిలబడి, తన పాత మేడగది నీలిరంగు గోడ వీధిలోకి బట్టబయలై ఉండడం చూసి, వొదినతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

జగ్గమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. వర్షాలకి ముందు మళ్లీ కొట్టు తెరిచింది. కొనేవాళ్లు వస్తున్నారు, తాళ్లు బేరమాడుతున్నారు, ఆమె తిడుతోంది. కూర్మయ్య తన కొట్లో తను ఉంటాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. గోడ ఉంది.

ఊతగోడకి పునాది తవ్వుతున్న రోజు శ్రావణి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల వీధిలోకి రావడం అదే మొదలు. మొహమంతా గుంటలు. ఎడమ కంటి మీద పాలపొర. అది ఇక పోదని డాక్టరు చెప్పాడు. అరుగెక్కి, నార పేనుతున్న జగ్గమ్మ ఎదట నిలబడింది. కూలీలు గునపాలు ఆపారు. కూర్మయ్య తన గుమ్మంలోకి వచ్చాడు గాని ముందుకి రాలేదు.

శ్రావణి చెయ్యెత్తి కొట్టింది. చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. జగ్గమ్మ తల గోడకి తగిలింది. రెండో దెబ్బకి పెదవి చిట్లింది. ఎడమచెయ్యి బాగానే ఉంది, పక్కనే కొడవలి ఉంది. ఆమె దేన్నీ ముట్టుకోలేదు.

మూడోసారి చెయ్యి లేచి, గాలిలోనే ఆగి, కిందికి వచ్చేసింది. ఆ పిల్లకి ఒక కన్ను ఏడవడం, ఒక కన్ను ఊరికే తెరుచుకుని ఉండడం జగ్గమ్మ దగ్గరగా చూసింది. నార కట్ట పక్కకి జరిపి అరుగు మీద చోటు చేసింది.

"కూకో," అంది. "ఇంకా ఉంటే కొట్టు. లేకపోతే కూకో."

శ్రావణి చాలాసేపు నిలబడే ఉంది. తర్వాత కూర్చుంది, ఆమె వైపు వీపు పెట్టి.